మడత దగ్గర పగిలే కార్డు, పడవలా లేచే పేజీ

వేసవి సెలవుల్లో పటాన్‌చెరు, ఇస్నాపూర్, రామచంద్రాపురం ఇళ్లలో ఈ దృశ్యం కొత్తది కాదు. బేగంబజార్‌లోనో సంగారెడ్డి స్టేషనరీ దుకాణంలోనో కొన్న పేపర్ క్రాఫ్ట్ కిట్ నేల మీద పరిచి ఉంటుంది. పన్నెండంగుళాల పూల కాగితాలు, గట్టి రంగు షీట్లు, ముందే కత్తిరించిన సీతాకోకచిలుకలు, స్టిక్కర్లు, రిబ్బను. అమ్మమ్మ పుట్టినరోజుకని పాప ఒక ఎర్ర షీటును సగానికి మడిచింది. మడత పొడవునా తెల్లటి పగులు తేలింది. "అమ్మా, షీటు బాగాలేదు" అని, అదే ప్యాకెట్లోంచి ఇంకో ఎర్ర షీటు తీసి ఈసారి అడ్డంగా మడిచింది. గీత గీసినట్టు నున్నగా కూర్చుంది.

అదే ప్యాకెట్, అదే రంగు, అదే చెయ్యి. ఒకటి పగిలింది, ఒకటి పగల్లేదు.

రెండో ముడి మర్నాడు పొద్దున ఎదురవుతుంది. రాత్రి ఫెవికాల్ పూసి ఫొటో అతికించిన పేజీ తెల్లారేసరికి పడవలా అంచులు లేచి కూర్చుంటుంది. మూడోది బయటపడడానికి ఏళ్లు పడుతుంది. అటక మీది పాత స్క్రాప్‌బుక్ దించితే పేజీలు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. అంచు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది.

ఈ మూడింటి వెనుకా ఉన్నది కంటికి కనిపించని ఒక సన్నటి పీచు. దాని స్వభావం తెలిస్తే కిట్ చవకదా ఖరీదైనదా అన్నది చాలావరకు పక్కకు పోతుంది.

వరదలో గడ్డిపరకలు

కాగితమంటే పీచుల చాప. జామాయిల్, సుబాబుల్, వెదురు లాంటి వాటిని ఉడికించి గుజ్జు చేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున్న పీచులు విడిపోతాయి. వాటిని బోలెడు నీళ్లలో కలిపి జల్లెడ మీద పోస్తే నీళ్లు కిందికి జారి, పీచులు ఒకదాని మీద ఒకటి పడి అతుక్కుంటాయి. గమ్ అక్కర్లేదు. తడి ఆరేకొద్దీ పక్కపక్క పీచులు తమంతట తామే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 1938లో స్థాపించిన సిర్పూర్ కాగితపు మిల్లు వల్లనే కాగజ్‌నగర్ అన్న ఊరి పేరు వచ్చింది. అక్కడైనా, భద్రాచలం పక్కన సారపాకలో ఉన్న ఐటీసీ మిల్లులోనైనా, రాజమండ్రిలోనైనా జరిగే పని మూలంలో ఇదే.

తేడా అంతా ఆ జల్లెడ కదలికలో ఉంది. చేత్తో కాగితం చేసే మనిషి జల్లెడను అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ ఊపుతాడు. పీచులు అన్ని వైపులకూ చెదిరి పడతాయి. యంత్రంలో అలా కాదు. 1799లో ఫ్రాన్సులో లూయీ నికొలా రాబేర్ పేటెంట్ పొందిన యంత్రం నుంచి నేటి మిల్లుల దాకా జల్లెడ ఆగకుండా ఒకే దిక్కుకు పరుగెత్తుతుంది. మంజీరకు వరద వచ్చినప్పుడు గడ్డిపరకలు ఎలా పోతాయో గుర్తు చేసుకోండి. అడ్డంగా పడ్డ పరక కూడా నాలుగు గజాలు పోయేలోగా ప్రవాహం వైపు తిరుగుతుంది. పీచులూ అంతే. ఎక్కువ భాగం యంత్రం నడిచే దిక్కుకే వాలి ఆరిపోతాయి. ప్రెస్సుల వాళ్లు దీన్నే గ్రెయిన్ అంటారు. మనం పీచు వాలు అనుకుందాం.

పాప మొదటి షీటును పీచు వాలుకు అడ్డంగా మడిచింది. అంటే ఆ మడత వేల పీచులను నడుముల దగ్గర విరిచింది. పైపొర సాగలేక తెగింది, లోపలి తెలుపు బయటపడింది. రెండోసారి మడత పీచుల వెంట వెళ్లింది. పీచు విరగాల్సిన పని లేదు, రెండు పీచుల నడుమ సందు తెరుచుకుంటే చాలు. వెదురును నిలువునా చీల్చడం ఎంత తేలికో, అడ్డంగా విరవడం ఎంత కష్టమో మనకు తెలుసు. తేడా అదే.

నిజానికి షీటు మధ్యలోకంటా రంగు పట్టి ఉంటే పగిలినా అంతగా తెలియదు. చవక కిట్లలో చాలా షీట్లు తెల్ల కాగితం మీద రంగు అచ్చు వేసినవే. మెరుపు పూత షీట్లయితే పూత అసలు సాగదు కాబట్టి ఎటు మడిచినా కొంత పగులు తప్పదు.

మాత్రల డబ్బా చెప్పే పాఠం

ఇక్కడొక పేచీ ఉంది. పీచు వాలుకు అడ్డంగా మడిస్తే పగులుతుందన్నాం. మరి అలా మడవక తప్పనప్పుడు? చిన్న షీటులోంచి పొడుగాటి కార్డు తీయాలంటే కొన్నిసార్లు వేరే దారి ఉండదు.

దీనికి జవాబు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లారీల కొద్దీ తిరుగుతుంటుంది. మాత్రల స్ట్రిప్పులు పెట్టే చిన్న అట్టడబ్బా ఒకటి తీసి, అతికిన చోట విప్పి, బల్ల మీద పరచండి. నిలువుగా నాలుగు మడతలు కనిపిస్తాయి. డబ్బా పక్కలు ఉబ్బకుండా గట్టిగా నిలబడాలని, అట్ట పీచును మామూలుగా ఈ మడతలకు అడ్డంగానే ఉంచుతారు. మన లెక్క ప్రకారం నాలుగూ పగలాలి. ఒక్కటీ పగల్లేదు.

కారణం క్రీజింగ్. అట్టను మడిచే ముందు మొద్దుగా ఉండే సన్నటి ఇనుప పట్టీ ఒకటి దాన్ని అచ్చు వేసిన వైపు నుంచి కిందున్న గాడిలోకి నొక్కుతుంది. ఆ పట్టీ కొయ్యదు. నొక్కిన చోట అట్ట లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. దీని ఫలితం పేకముక్కలతో తేలిగ్గా తెలుస్తుంది. విడి కట్టను వంచితే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారి సులువుగా వంగుతాయి. వాటన్నిటినీ గమ్ముతో ఒకే దిమ్మగా అతికించి వంచితే పైముక్క చిట్లుతుంది. క్రీజింగ్ ఆ ఒక్క గీత మేరకు దిమ్మను మళ్లీ విడి ముక్కలుగా మారుస్తుంది. మడత పడినప్పుడు పొరలు జారుతాయి, పైపొర మీద లాగుడు తగ్గుతుంది.

ఇంట్లో ఇనుప పట్టీ అక్కర్లేదు. సిరా అయిపోయిన బాల్‌పెన్నూ స్టీలు స్కేలూ చాలు. కింద నాలుగు మడతల పాత దినపత్రిక పరిస్తే గాడి పని అది చేస్తుంది. స్కేలు వెంట రెండు మూడుసార్లు నొక్కి గీయండి. గీసిన వైపు పల్లం, వెనుక వైపు సన్నటి ఉబ్బు వస్తాయి. చాలామంది పొరపాటు చేసేది తర్వాతి అడుగులో. పల్లం కనిపించింది కదా అని పల్లంలోకే మడిచేస్తారు. కార్టన్ యూనిట్లలో దానికి తలకిందులుగా చేస్తారు. ఉబ్బు మడత లోపలికి రావాలి, పల్లం బయటికి ఉండాలి. విడిపోయిన పొరలు లోపలికి పూసలా ముడుచుకుని కీలులా పనిచేస్తాయి, బయటి పొరకు సాగే అవసరం తగ్గుతుంది. మీ చేతిలోని మందుల డబ్బా లోపలి మూల వేలితో తడిమితే ఆ ఉబ్బు తగులుతుంది.

ఛత్తా బజార్‌లో శుభలేఖలు వేసేవాళ్లూ గట్టి అట్ట కార్డులకు ఇదే పని చేస్తారు. నాలుగైదు వందల కార్డుల్లో ఒక్కటి మడత దగ్గర చిట్లినా పెళ్లివారు ఒప్పుకోరు మరి.

బాక్స్: పీచు వాలు తెలుసుకునేది ఎలా?

షీటును మడత పడకుండా మెల్లగా సగానికి వంచి అరచేత్తో నొక్కి చూడండి. ఒకవైపు చెయ్యిని ఎదురు తన్నుతుంది, ఇంకోవైపు మెత్తగా లొంగుతుంది. లొంగిన వంపు గీత ఎటు ఉందో పీచు అటు వాలి ఉంది. కార్డు మడత, ఆల్బం వెన్ను ఆ దిక్కుకే ఉండాలి.

ఒక ముక్కను నిలువుగా, అడ్డంగా చించి చూడవచ్చు. పీచు వెంట చించితే చీలిక దాదాపు తిన్నగా పోతుంది. అడ్డంగా చించితే వంకరలు తిరుగుతుంది.

పల్చటి కాగితమైతే చదరంగా కత్తిరించిన ముక్కకు ఒకవైపు తడి చెయ్యి రాయండి. అది వెంటనే గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటు ఉందో అదే పీచు వాలు. ఎందుకో కింద చదవండి.

శ్రావణంలో బిగుసుకునే తలుపు

శ్రావణం రాగానే పాత ఇళ్లలో చెక్క తలుపులు చట్రంలో బిగుసుకుంటాయి. తలుపు పొడుగు పెరిగి పైన తట్టుకోదు, వెడల్పు పెరిగి పక్కన పట్టుకుంటుంది. చెక్కలోని పీచు చెమ్మ తాగితే లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు. కాగితంలో ఉన్నదీ చెక్క పీచే. అందుకని తేమ తగిలితే కాగితం పీచు వాలు వెంట దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం చాచుకుంటుంది.

మన దక్కను పీఠభూమి మీద ఈ కదలిక చిన్నది కాదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది. ఆగస్టు ముసురులో 80 దాటుతుంది. ఎండాకాలం తన బరువులో నాలుగైదు శాతం నీళ్లు దాచుకున్న కాగితం, ముసురు రోజుల్లో పది శాతం దాకా తాగుతుంది. పన్నెండంగుళాల పేజీ పీచుకు అడ్డంగా ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగడానికి ఇది చాలు. మే నెలలో సరిగ్గా కొలిచి కవరులో ఇరికించిన పేజీ ఆగస్టులో అలలు తేలడం అందుకే. అది మీ కొలత తప్పు కాదు. పేజీ చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచడమే మందు.

ఇక ఫెవికాల్ సంగతి. తెల్ల ఫెవికాల్‌లో దాదాపు సగం నీళ్లే. పేజీ పైముఖానికి అది పూయగానే ఆ వైపు పీచులు ఉబ్బుతాయి, కింది వైపు పొడిగా ఉంటుంది. అందుకే మొదట పేజీ గమ్ వైపు పొంగుతుంది. ఆ పొంగు చూసి, ఆరితే సర్దుకుంటుందిలే అనుకుంటాం. ఆరేటప్పుడు తడిసిన పీచులు మునుపటి కొలత దగ్గర ఆగవు. మిల్లులో కాగితాన్ని బిగువుగా లాగుతూ ఆరబెడతారు. తడి తగలగానే ఆ బిగువు సడలి, పీచులు ఇంకాస్త ముడుచుకుంటాయి. దానికి తోడు ఆరిన గమ్ కూడా కుంచించుకుపోతుంది. పొద్దునకు పేజీ ఎదురు దిక్కుకు వంగి పడవ అవుతుంది.

పీచు వాలు తెలిస్తే ఇక్కడా సగం పని అయినట్టే. రెండు కాగితాలు అతికించేటప్పుడు రెండింటి పీచూ ఒకే దిక్కుకు ఉంచండి. కలిసి ఉబ్బుతాయి, కలిసి తగ్గుతాయి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే ఏటా వానాకాలమల్లా పేజీలో పోట్లాటే. పెద్ద కాగితాలకు నీళ్ల గమ్ కంటే డబుల్ టేపో గమ్ స్టిక్కో మేలు. ఫెవికాలే వాడాలంటే పల్చగా పూసి, రెండు పక్కలా తెల్ల కాగితం పెట్టి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రంతా ఉంచండి. అట్ట అయితే వెనుక వైపు కూడా ఒక కాగితం అతికించాలి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు అట్ట లోపలి వైపు కాగితం వేసేది అందం కోసమే కాదు. ముందు వైపు లాగుడుకు అది ఎదురు లాగుడు.

చిన్న ఆల్బం ఎందుకు నోరు తెరుస్తుంది?

మినీ ఆల్బం చేసిన ప్రతి ఇంట్లో ఈ ఫిర్యాదు వినిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా మూసుకున్న ఆల్బం ఫొటోలు పెట్టాక మూసుకోదు. ఫొటో మందం పావు మిల్లీమీటరే కావచ్చు. పది పేజీలకు రెండు వైపులా అతికిస్తే అయిదు మిల్లీమీటర్లు. కింద మ్యాట్ కాగితం, పైన స్టిక్కరు, పువ్వు కలిస్తే సెంటీమీటరు దాటుతుంది. ఆ మందమంతా పేజీ నడుమ చేరుతుంది, వెన్ను దగ్గర మాత్రం వట్టి కాగితమే ఉంటుంది. అందుకే వెన్నును ముందుగానే వెడల్పుగా కట్టాలి. ప్రతి రెండు పేజీల మధ్యా వెన్నులో ఫొటోల మందానికి సరిపడా సందు వదలాలి. హార్మోనియం తిత్తిలా ముడతలు పెట్టిన కాగితపు పట్టీకి పేజీలు అతికించే పద్ధతి ఇందుకే పుట్టింది. ఆ పట్టీ పీచు ముడతల వెంట ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

దండలో తెగే దారం

మూడో ముడి అన్నిటికంటే పెద్దది, ఎందుకంటే దానికి రిపేరు లేదు.

కాగితపు పీచులో ముఖ్య పదార్థం సెల్యులోజ్. గ్లూకోజ్ పూసలు వేల కొద్దీ గుచ్చిన పొడవాటి దండలు అనుకోండి. దండ ఎంత పొడవుంటే పీచు అంత గట్టి. ఈ దండకు శత్రువు ఆమ్లం. అది కత్తెరలా రెండు పూసల నడుమ కొరుకుతుంది. కొరికాక తాను ఖర్చయిపోదు, పక్క పూసకు వెళుతుంది.

పటాన్‌చెరు దగ్గరి పాశమైలారం పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లకు ఇది పుస్తకం విషయం కాదు. మాత్రలో చాలాసార్లు మందు కొద్దిగానే ఉంటుంది, తక్కినది దాన్ని బిళ్లగా పట్టి ఉంచే పొడి. అలాంటి పొడుల్లో ఒకటైన మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ చెట్టు గుజ్జు నుంచే వస్తుంది. గుజ్జును పల్చటి ఆమ్లంతో వేడిచేస్తే వేల పూసల దండలు రెండు మూడు వందల పూసల ముక్కలుగా తెగుతాయి. కాగితం కావాల్సిన పీచు తెల్లటి పొడిగా మారుతుంది. 1955లో అమెరికాలో కనుగొన్న ఈ పద్ధతి గంటల్లో చేసే పనిని, ఆమ్లం ఉన్న ఆల్బం పేజీలో కాలం ఏళ్ల తరబడి చేస్తుంది. రసాయన చర్య ఒక్కటే, వేగమే వేరు.

ఈ పొడి తయారుచేసే పాశమైలారం కర్మాగారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. చాలామంది బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. ఈ పొడి గురించి రాస్తూ వాళ్లను తలచుకోకుండా ముందుకు పోవడం నాకు సాధ్యం కాదు.

కాగితంలోకి ఆమ్లం మనిషి చేత్తోనే చేరింది. సిరా పాకకుండా ఉండడానికి 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ గుజ్జులో గుగ్గిలం లాంటి జిగురును, పటిక జాతి లవణాన్ని కలిపే పద్ధతి ప్రకటించాడు. చవకగా, చక్కగా పనిచేసింది. ఆ లవణమే చెమ్మలో నెమ్మదిగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. 1840లలో చెక్కను నూరి గుజ్జు చేసే పద్ధతి వచ్చింది. అందులో పీచును చెట్టులో అంటిపెట్టే లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. లిగ్నిన్‌కు వెలుతురూ గాలీ తగిలితే పసుపెక్కుతుంది. గుమ్మంలో రెండు రోజులు ఎండలో ఉన్న దినపత్రిక చూస్తే తెలుస్తుంది. పాత గుడ్డపీలికలతో చేసిన నాలుగు వందల ఏళ్ల కాగితం తెల్లగా ఉండి, వందేళ్ల నాటి పుస్తకం పొడి అవుతోందంటే కారణం ఈ రెండే. ఆమ్లమే దోషి అని 20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో విలియం బారో పరీక్షలతో గట్టిగా నిరూపించాడు.

మందు కూడా మనింట్లో ఉన్నదే, సున్నపురాయి పొడి. కాగితంలో కాల్షియం కార్బనేట్ కలిపితే ఆమ్లం పుట్టగానే అది మింగేస్తుంది. చిరకాలం నిలిచే కాగితానికి 1994లో వచ్చిన ఐఎస్ఓ 9706 ప్రమాణం కనీసం 2 శాతం కాల్షియం కార్బనేట్‌కు సమానమైన నిల్వ ఉండాలంటుంది, లిగ్నిన్ దాదాపు ఉండకూడదంటుంది. కిట్ మీద 'యాసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ' అన్న మాటల వెనుక ఉన్న కథ ఇదే. స్క్రాప్‌బుక్ హాబీ ఇప్పటి రూపం తీసుకోవడానికీ పేజీలు పాడవుతాయన్న భయమే పునాది. 1873లో అమెరికా రచయిత మార్క్ ట్వైన్ ముందే గమ్ పూసిన స్క్రాప్‌బుక్ పేటెంటు తీసుకున్నప్పుడు అడిగింది సౌకర్యం. 1980లో అమెరికాలోని యూటాలో మారిలెన్ క్రిస్టెన్సెన్ తన కుటుంబ ఆల్బమ్‌లు యాభైకి పైగా ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం అడిగింది, ఇవి పాడు కాకుండా ఎలా ఉంచాలని.

మన పాత పెళ్లి ఆల్బమ్‌లు ఒక విషయంలో ఎంతో తెలివైనవి. నల్ల అట్ట పేజీలు, నాలుగు మూలల కాగితపు తొడుగులు, నడుమ సాలెగూడు గీతల పల్చటి కాగితం. ఫొటోకు గమ్ తగలదు, ఫొటో మీద ఫొటో పడదు. తర్వాత వచ్చిన, పేజీ మీద జిగట గీతలుండి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లే ఎక్కువ ఫొటోలను పాడుచేశాయి. జిగట పసుపెక్కి ఫొటోను పట్టుకుంటుంది, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ పొర ముసురులో ఫొటో ముఖానికి అతుక్కుంటుంది.

బాక్స్: కిట్ కొనేటప్పుడు, పేజీ చేసేటప్పుడు

ఫొటో కిందకు వచ్చే కాగితం మాత్రం యాసిడ్ ఫ్రీ ఉండేలా చూడండి. దూరంగా అంచున ఉండే పువ్వు చవకదైనా నష్టం తక్కువ.

ప్లాస్టిక్ కవర్లు పీవీసీ కాకుండా పాలీప్రొపిలీన్‌వి అడగండి. ముక్కుకు ఘాటుగా తగిలే ప్లాస్టిక్ వద్దు.

ఫొటో మీద సెల్లోటేపు ఎప్పుడూ వేయొద్దు. దాని జిగురు ఏళ్లు గడిస్తే గోధుమరంగు మరకై కాగితంలోకి ఇంకుతుంది.

పేపర్ కటింగ్ అతికించాలంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీసి అదే అతికించండి. అసలు కటింగ్‌ను విడిగా కవరులో పెట్టండి, దాని ఆమ్లం పక్క పేజీకి పాకుతుంది.

ఎక్కడ దాచాలి?

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జీన్‌బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి పంటల విత్తన నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. వాటిని బాగా ఆరబెట్టి, వాడుకకు 4 డిగ్రీల చలిలో, చిరకాలానికి మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. తేమ, వేడి తగ్గితే లోపలి రసాయన చర్యలు నెమ్మదిస్తాయి. విత్తనానికి వర్తించినదే కాగితానికీ, రంగు ఫొటోకూ వర్తిస్తుంది. పెద్ద సంగ్రహాలయాలు రంగు ఫొటోలను చలిగదుల్లో పెట్టేది అందుకే.

ఇంట్లో చలిగది అక్కర్లేదు. ఎండకు పెనంలా కాలే స్లాబు కింది అటక, వానకు చెమ్మగిల్లే బయటి గోడ, వంటింటి ఆవిరి, ఈ మూడూ తప్పిస్తే చాలు. లోపలి గది బీరువాలో నడుమ అర ఉత్తమం. ఆల్బమ్‌ను గాలాడని ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టొద్దు, చెమ్మ లోపలే చిక్కుతుంది. ముసురు వెళ్లాక ఏ దసరా సెలవుల్లోనో ఒకసారి తీసి, నీడలో, పేజీలు విప్పి గాలి తగలనివ్వండి.

ఇంకొక్క పని ఈ రోజే చేయండి. ఫొటోలో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఫొటో పక్కన, పేజీ మీద, పెన్సిల్‌తో రాయండి. స్కెచ్‌పెన్ సిరా ఏళ్ల వెలుతురుకు వెలిసిపోతుంది, చెమ్మకు పాకుతుంది. పెన్సిల్‌లోని గ్రాఫైట్ వెలుతురుకు వెలవదు, నీళ్లకు కరగదు.